మహేంద్రగిరి మీద పిడుగు మంట

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. అలగకు. నాలుగు రోజులు మహేంద్రగిరి వాలు మీదే ఉన్నాను. అక్కడ సిగ్నల్ దొరికేది ఒకే ఒక్క బండరాయి మీద. దాని దగ్గరికి పోవాలంటే పొగలోంచి పోవాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వన్న మాట గుర్తుందా? "అడవికి నిప్పు దానంతటది పుట్టదురా, ఎవడో ఒకడు అంటించాల్సిందే" అన్నావు. చాలావరకు నీదే నిజం. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు, పోడుకి పెడతారు, ఆర్పని బీడీ పారేస్తారు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మా అటవీ శాఖ వాళ్ల పరుగులన్నీ వాటి వెనకే. కానీ ఈసారిది అసలైన పిడుగు మంట.

పోయిన వారం సాయంత్రం మబ్బు పట్టింది. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ మోగుతూనే ఉంది. వాన మాత్రం నాలుగు చినుకులు రాలి ఆగిపోయింది. ఉరుములు, మెరుపులు మటుకు గంటసేపు. మామూలుగా పిడుగు వెంట వాన కూడా వస్తుంది కాబట్టి నిప్పు అక్కడికక్కడే చస్తుంది. వాన ఎగ్గొట్టిందా, అయిపోయామే. పిడుగు పడ్డ ఎండు చెట్టు తొర్రలో నిప్పు రెండు మూడు రోజులు గుట్టుగా రాజుకుంటుంది, గాలి తగలగానే బయటికొస్తుంది. మాకూ అంతే. మూడోరోజు దాకా పొగ జాడే లేదు.

ఉపగ్రహం మంటని పసిగట్టిందని డెహ్రాడూన్ ఫారెస్ట్ సర్వే వాళ్ల మెసేజ్ తెల్లవారుజామున వచ్చింది. ఆ ఉపగ్రహం మన నెత్తిమీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి అదే వేళకి ఇంకోసారి పోతుంది. నడుమ అంటుకున్నది దానికి తెలియదు. పైగా అది చూపించే చుక్క ఒక్కోటి 375 మీటర్ల గడి. అందులో మంట ఏ మూల ఉందో కొండెక్కి మనమే వెతుక్కోవాలి.

ఇక్కడే నేను తప్పు చెయ్యబోయాను. నేరుగా పైకెక్కి మంటని కొట్టి ఆర్పేద్దామన్నాను. మా ఫైర్ వాచర్ ఒకాయన ఉన్నాడు, సవర పెద్దాయన, తాతా అనే పిలుస్తాం. సవర, తెలుగు, ఒడియా మూడూ కలిపి మాట్లాడతాడు. "పైన కాలడానికి ఏముంది బాబూ?" అన్నాడు. నిజమే. పైన కొంత గడ్డి, ఆ తర్వాత నల్ల బండ. పగలు గాలి కొండ ఎక్కుతుంది, మంట కూడా దాని వెంటే పైకి పరిగెడుతుంది. వాలు నిటారయ్యే కొద్దీ దాని వేగమూ పెరుగుతుంది. మంటకి పైన నిలబడ్డవాడు దొరికిపోతాడు. కాబట్టి పైకి పోయేది పోనిచ్చి, కింద జీడితోటల్ని కాపాడుకోవాలి. జీడిపిక్కలు కోతకొచ్చాయి, ఆ నాలుగు డబ్బులే కింద సవర ఊరివాళ్లకి ఏడాది బతుకు.

అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కులో 1972 నుంచి కొన్ని పిడుగు మంటల్ని కాలనిచ్చేవారని శిక్షణలో చెప్పారు. 1988లో కరువొచ్చి పార్కులో మూడో వంతుకు పైగా మంటల పాలయింది. అది తలుచుకుంటే నాకు ఒకటే టెన్షన్. తాతకేమో టెన్షన్ అంటే ఏంటో తెలియదు.

మంట దాటకుండా జీడితోటలకి పైన మీటరున్నర వెడల్పు గీతలా ఆకులన్నీ ఊడ్చి మట్టి తేల్చాం. ఆకులు ఊదే బ్లోయర్ ఒకటే. మిగతావాళ్లకి పచ్చి కొమ్మలు, కొడవళ్లు. గీత అయిపోయాక తాత దాని పక్కనే కిందివైపు కాలువలా తవ్వమన్నాడు. ఎందుకో రాత్రి గాని నాకు అర్థం కాలేదు. చీకటి పడ్డాక గాలి కొండ దిగడం మొదలుపెడుతుంది. పైన కాలి మొదలు తెగిన జీలుగు దుంగ ఒకటి దడదడమంటూ దొర్లుకుంటూ వచ్చి ఆ కాలువలో పడింది. నిప్పురవ్వలు మా తలల మీదుగా ఎగిరాయి. కాలువ లేకపోతే నేరుగా జీడితోటలోకే. ఆ తర్వాత రాత్రంతా ఎవ్వడూ కూర్చోలేదు.

మూడోనాటికి పై మంట బండ దగ్గర ఆగిపోయింది. ఆర్పడం కన్నా ఆరిందని నమ్మడమే కష్టం. బూడిద తిరగేసి, చేతి వెనకభాగం దగ్గరగా పెట్టి, వేడి తగిలితే మళ్లీ తవ్వడం. రెండు రోజులు ఇదే పని.

చివరికి ఆ చెట్టు దొరికింది. కొన నుంచి మొదలు దాకా బెరడు పేలికలా ఊడి, మెలికలు తిరిగి ఉంది. ఫొటో తీశాను. రిపోర్టులో కారణం గడిలో "పిడుగు" అని రాస్తే పైవాళ్లలో ఒకాయన నవ్వి, "ఎవరిని కాపాడుతున్నావ్?" అన్నాడు. ఫొటో చూపించినా "పరిశీలిస్తాం" అన్నాడు. నా మీద నమ్మకం లేకపోతే పోనీ, రేపు ఆ సవర ఊళ్లో ఏ కుర్రాడి మీదో కేసు పెడతారేమోనని నా దిగులు. ఆ గడి మాత్రం దిద్దను.

నువ్వు ఎండాకాలం సెలవులకి వస్తావుగా, ఆ చెట్టు చూపిస్తాను, అప్పుడు సంక్రాంతి మాట వెనక్కి తీసుకుందువు గాని. వచ్చేటప్పుడు నీ పాత బూట్లు ఏవైనా ఉంటే పట్టుకురా. నావి అడుగు కరిగిపోయింది. సైజు తొమ్మిది.

నీ
బావ