మూడు నెలల తర్వాత చేతిలో ఏం మిగలాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. చదువు పూర్తయ్యి ఇంటర్న్‌షిప్‌లో చేరబోయేవాళ్ల కోసం మీ యువత పేజీలో ఇచ్చిన సలహాలు చదివాను. వేళకు రావాలి, శుభ్రంగా తయారవ్వాలి, అందరితో నవ్వుతూ మాట్లాడాలి, ఫోన్ పక్కన పెట్టాలి. కాదనేదేముంది? కాకపోతే ఇవి చుట్టాలింటికి వెళ్లే పిల్లలకు చెప్పినా సరిపోయే మాటలే. పని సంగతి అందులో ఎక్కడా లేదు. పదహారేళ్లుగా మా ఆఫీసుకు వచ్చే ఇంటర్న్‌ల బాగోగులు చూస్తున్నాను. అంతకుముందు నేనూ ఇంటర్న్‌నే. ఆ చనువుతో రాస్తున్నాను.

నా ఇంటర్న్‌షిప్ మూడు నెలలు. మొదటి నెలంతా జిరాక్సులు తీశాను, ఫైళ్లకు నంబర్లు వేశాను, మీటింగ్ గదిలో కుర్చీలు సర్దాను. అక్కడివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నాకేం పని ఇవ్వాలో ఆలోచించే తీరిక ఎవరికీ లేదు, అంతే. నేనా, నోరు విప్పలేదు. అడిగితే ఈ అమ్మాయికి ఏమీ రాదనుకుంటారని భయం. ఒకరోజు అకౌంట్స్‌లో పనిచేసే పెద్దాయన ఒకరు జిరాక్స్ మెషీన్ దగ్గర నన్ను చూసి, "ఏమ్మా, రేపు ఎవరైనా ఇక్కడ ఏం చేశావని అడిగితే ఏం చెబుతావు?" అన్నారు. నీళ్లు నమిలాను. మర్నాటి నుంచి ఆయన బ్యాంక్ రీకన్సిలియేషన్ పని నాకు అప్పజెప్పారు. బ్యాంకు స్టేట్‌మెంటునూ మా పద్దు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో పట్టుకోవడం. ఇచ్చిన చెక్కు అవతలివాళ్లు ఇంకా బ్యాంకులో వేయకపోవడం, బ్యాంకు కోసుకున్న చార్జీలు మా పుస్తకంలోకి ఎక్కకపోవడం, ఒకే మొత్తం రెండుసార్లు రాయడం. చిన్న పనే. కానీ మొదలూ చివరా నా చేతిలోనే ఉన్నాయి. తర్వాత వెళ్లిన ఇంటర్వ్యూల్లో నన్ను తరచి తరచి అడిగింది దాని గురించే. మిగతా రోజుల గురించి ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికేమీ లేదు.

అందుకే చేరిన మొదటి వారంలోనే పైవాళ్లను ఒక ప్రశ్న అడగమని మా ఇంటర్న్‌లకు చెబుతాను: "నేను వెళ్లిపోయేనాటికి ఇక్కడ ఏ పని పూర్తయి ఉంటే మీకు ఉపయోగం?" దీనికి జవాబు చెప్పాలంటే పైవాళ్లు కాసేపు ఆలోచించక తప్పదు. వచ్చిన జవాబును నాలుగు వాక్యాల్లో రాసి, మీరు చెప్పింది ఇదేనా అని వాళ్లకే మెయిల్ పెట్టాలి. పది పనుల్లో తలా ఒక చెయ్యి వేసేకన్నా ఒక్క పనిని చివరిదాకా లాక్కెళితే నేర్చుకునేది ఎక్కువ. పనిలో కష్టమంతా చివరి పది శాతంలోనే దాక్కుని ఉంటుంది మరి.

అడగడానికి భయపడటం ఇప్పటికీ పోలేదు. రెండేళ్ల కిందట ఒక అమ్మాయి చేరింది. తెలివైన పిల్ల. తనకు కావాల్సిన ఫోల్డర్లు కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదన్న సంగతి పది రోజుల దాకా ఎవరికీ చెప్పలేదు. "మీరంతా బిజీగా ఉన్నారు కదా మేడమ్" అంది. తప్పు నాదే, అనుమతులు ఇప్పించాల్సింది నేను. అయినా పది రోజులు పోయింది ఆమెవే. అడిగే తీరు ఒకటుంది: ఇంతవరకు చేశాను, ఫలానాది ప్రయత్నించాను, ఇదిగో ఇక్కడ ఆగిపోయాను. ఇలా అడిగితే విసుక్కునే సీనియర్‌ను నేనింతవరకు చూడలేదు. అరగంట సొంతంగా కుస్తీ పట్టాలి, ఆ తర్వాత అడిగెయ్యాలి.

నేను చూసినవాళ్లలో బాగా ఎదిగిన కుర్రాడు మాటకారి కాదు. మా నెలవారీ రిపోర్టు ఎలా తయారవుతుందో ఒకే ఒక్క ఉద్యోగికి తెలుసు, ఎక్కడా రాసిలేదు. ఈ అబ్బాయి ఆమె పక్కన కూర్చుని ప్రతి మెట్టూ రాసుకున్నాడు. "ఈ అంకె ఎక్కడినుంచి వస్తుంది మేడమ్?" అని మేమెవరం ఏనాడూ అడగని ప్రశ్నలు అడిగాడు. పదకొండు పేజీలయ్యాయి. ఆమె సెలవులో ఉన్నప్పుడు మమ్మల్ని గట్టెక్కించింది ఆ పేజీలే. పాతవాళ్లకు అలవాటైపోయి కనిపించనివి కొత్తవాళ్ల కళ్లకు కనిపిస్తాయి. అయితే ఆ చూపు నెల దాటితే మొద్దుబారుతుంది. అందుకే వింతగా అనిపించిన ప్రతిదీ మొదటి రోజుల్లోనే నోట్‌బుక్‌లోకి ఎక్కాలి.

ఆ నోట్‌బుక్‌తో ఇంకో లాభముంది. రెజ్యూమేలో "రిపోర్టుల తయారీలో సహకరించాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. రెండు రోజులు పట్టే పని సగం రోజుకు తగ్గిందని రాస్తే తెలుస్తుంది. మొదట రెండు రోజులు పట్టేదన్న సంగతి ముందే రాసిపెట్టుకోకపోతే తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. చేసిన పనిని రుజువుగా చూపించుకోవాలని ఆఫీసు ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపుకునేవాళ్లున్నారు. తొందరగా అవుతుందని కంపెనీ కాగితాలను ఏఐ చాట్‌బాట్‌లో అతికించేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. రెండూ ప్రమాదమే. బయటివాళ్లకు ఏది చూపించవచ్చో వెళ్లేముందు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

పనితీరు ఎలా ఉందో చాలా ఆఫీసులు ఆఖరి రోజున చెబుతాయి, సర్టిఫికెట్‌తో పాటు. అప్పుడు తెలిసి ఏం లాభం? సగం గడువు అయ్యేసరికి మనమే అడగాలి. ఉద్యోగం ఖాళీ ఉందా అన్న మాట కూడా నెలముందే ఎత్తాలి.

ఇంతవరకు ఇంటర్న్‌ల బాధ్యత గురించే రాశాను. అవతలివాళ్ల సంగతీ చెప్పాలి. ఇంటర్న్ అనే మాట ప్రచారంలోకి వచ్చింది వైద్యరంగం నుంచి. ఆస్పత్రిలోనే ఉంటూ పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో పని నేర్చుకునే కొత్త డాక్టర్‌ను అలా పిలిచేవారు. మిగతా రంగాలు మాటను తెచ్చుకున్నాయి గానీ, పర్యవేక్షణను చాలాచోట్ల అక్కడే వదిలేసి వచ్చాయి. నేర్పేవాళ్లు లేకుండా, జీతం ఇవ్వకుండా, మామూలు ఉద్యోగి చేయాల్సిన పని చేయించుకుంటే దాన్ని శిక్షణ అని ఎలా అంటాం? అమెరికా కార్మిక శాఖ 2018 నుంచి లాభాల కోసం నడిచే సంస్థల విషయంలో ఇదే లెక్క చూస్తోంది: ఈ ఏర్పాటు వల్ల ప్రధానంగా మేలు ఎవరికి, ఇంటర్న్‌కా, యజమానికా? ఫ్రాన్స్‌లో విద్యార్థి ఇంటర్న్‌షిప్ రెండు నెలలు దాటితే భత్యం ఇచ్చి తీరాలి. వైట్‌హౌస్ ఇంటర్న్‌షిప్ కార్యక్రమంలో భత్యం ఇవ్వడం మొదలైంది 2022లోనే. జీతం లేని ఇంటర్న్‌షిప్ చేయగలిగేది ఇంట్లో ఆసరా ఉన్నవాళ్లే. మిగతావాళ్ల తెలివి ఆ గడప దాకా రాదు. ఇక సర్టిఫికెట్ ఇస్తాం, డబ్బు కట్టండి అనేవాళ్లుంటారు. వాళ్లది శిక్షణ కాదు, వ్యాపారం. అటు వెళ్లకపోవడమే మంచిది.

యూరోపియన్ యూనియన్ 2014లో శిక్షణ ఉద్యోగాలపై ఒక సిఫార్సు చేసింది. ఏం నేర్పుతారో, ఎన్నాళ్లో, డబ్బు ఇస్తారో లేదో ముందే ఒప్పందంగా రాసుకోవాలని, సాధారణంగా ఆరు నెలలు మించకూడదని అందులో ఉంది. భత్యం సంగతి ప్రకటనలోనే ఉండాలనీ ఉంది. చట్టం కాదు, సిఫార్సే. అయినా పాటించడానికి ఏ సంస్థకూ పెద్ద ఖర్చు లేదు. ఒక్క పేజీ కాగితం చాలు. దాని మీద ఇంటర్న్‌కు పని నేర్పే మనిషి పేరు కూడా ఉండాలని నేను అదనంగా కోరతాను. యూనివర్సిటీలు ఎన్ని గంటలు చేశారన్న సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా, ఏం పూర్తి చేశారో ఒక పేజీ రాసివ్వమని అడిగితే కంపెనీలకూ కొంత భయం ఉంటుంది.

చివరిగా మీకే ఒక విన్నపం. సలహాలు అచ్చయిన ఆ పేజీలోనే కింద ఆరు ఇంటర్న్‌షిప్ ప్రకటనలున్నాయి. కూర్చుని లెక్కపెట్టాను. భత్యం ఎంతో రాసింది ఒక్కటి, ఏం పని చేయాలో రాసినవి రెండు. మిగిలినవాటిలో "ఉత్సాహవంతులు కావలెను" అని మాత్రమే ఉంది. పని, గడువు, భత్యం ఈ మూడూ రాయని ఇంటర్న్‌షిప్ ప్రకటన తీసుకోబోమని మీ పత్రిక నియమం పెట్టుకోగలదా? జవాబు ఈ శీర్షికలోనే ఇస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు