ఆ పెంకుల స్టేషన్ సంగతి

చిన్నీ,

నంది హిల్స్‌కి పోతుంటే పట్టాల పక్కన పాడుబడ్డ పెంకుటిల్లు కనిపించింది, అదేం స్టేషన్ నాన్నా అని వాయిస్ మెసేజ్ పెట్టావు కదా, నాకు తెలిసి అది అవతిహళ్ళి. దొడ్డజాల, దేవనహళ్ళి, అవతిహళ్ళి, నంది హాల్ట్, ఈ నాలుగూ ఒకే లైన్లోవి. 1915లో బెంగళూరు చిక్కబళ్ళాపూర్ లైట్ రైల్వే అని ఒక కంపెనీ వేసింది, అప్పుడు మైసూరు దివాను విశ్వేశ్వరయ్య గారు, ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి కూడా ఆ పక్కనే, అందుకే వేయించాడ్రా అనేవాడు మా తాత, నేనైతే నమ్మను.

లైట్ అంటే నిజంగానే లైట్, పట్టాల మధ్య రెండున్నర అడుగులే, ఇంజనూ బోగీలూ అన్నీ చిన్నవే, ఖర్చు కలిసొస్తుందని. స్టేషన్లూ అంతే, ఓ టికెట్ గది, ముందు వసారా, పైన మంగళూరు పెంకులు. తర్వాత శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం మీదుగా కోలారు, బంగారుపేట దాకా కలిసింది. మీ నానమ్మ దేవనహళ్ళిలో కిటికీలోంచే బేరమాడి చకోతా పండు, అదే పంపరపనస, కొనేది, ఒక్కోటి నా తలకాయంత ఉండేది, ఆ మందం తొక్క ఒలిచి తొనలు మా చేతికొచ్చేసరికి చిక్కబళ్ళాపూర్ వచ్చేసేది!

మరి ఈ స్టేషన్లు ఎందుకు పాడుబడ్డాయంటే, నన్నడిగితే బస్సుల వల్లే. రోడ్డు మీద చెయ్యి చూపిస్తే బస్సు ఆగుతుంది, ఈ నత్తనడక రైలు కోసం ఎవడు కూర్చుంటాడు చెప్పు. బ్రాడ్ గేజ్, అంటే వెడల్పు పట్టాలు వేసే పనులు కూడా సాగీ సాగీ చిక్కబళ్ళాపూర్ కోలారు ముక్క 2013కి గానీ అవ్వలేదు, ఈలోపు జనానికి రైలు అలవాటే పోయింది.

తమాషా ఏంటంటే 2008లో బెంగళూరు కొత్త ఎయిర్‌పోర్ట్ వచ్చి ఆ పట్టాల పక్కనే కూర్చుంది, అయినా అక్కడ ఒక హాల్ట్ పెట్టడానికి 2021 దాకా పట్టింది, ట్రాఫిక్‌లో మనం ఏడ్చిన ఏడుపు ఎవరికి చెప్పుకోవాలి. నంది హాల్ట్‌ని మాత్రం పాత కట్టడాలు కాపాడే ఇన్‌టాక్ సంస్థ వాళ్ళు పూనుకుని బాగు చేశారు, చూడాల్సిందే.

ఈసారి వచ్చినప్పుడు కారు వద్దు, యలహంకలో మెమూ రైలు ఎక్కుదాం, టైమింగ్స్ నేను కనుక్కుని పెడతా. అమ్మ అప్పుడే చిత్రాన్నం కడతానంటోంది, నువ్వు లీవ్ దొరికిందో లేదో చెప్పు ముందు.

నాన్న