మిస్సింగ్ కొట్టే బండ్లకు ఇకపై ముందు టెస్టు, ఆ తర్వాతే పార్టు

కస్టమర్లందరికీ నమస్కారం. మిస్సింగ్ కొట్టే, అంటే ఏదో ఒక సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండక కుదుపుతూ నడిచే పెట్రోల్, సీఎన్‌జీ కార్లకు ఈ నెల నుంచి టెస్టు చార్జీ 800 రూపాయలు విడిగా తీసుకుంటున్నాం. "స్కానర్ పెడితే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది కదా, దానికి డబ్బులెందుకు" అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన మాటే. జవాబే కొంచెం పొడుగు.

క్రాంక్ షాఫ్ట్ ఏ సిలిండర్ వంతు వచ్చినప్పుడు నెమ్మదిస్తోందో చూసి బండిలోని కంప్యూటర్ ఒక నంబరు, అంటే కోడ్, ఇస్తుంది. స్కానర్ చూపించేది దాన్నే. పి0303 అంటే మూడో సిలిండర్ మిస్సవుతోందని. మూడో కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ వోల్టేజీ ఇచ్చేది) పోయిందని కాదు. పి0300 వస్తే ఏ సిలిండరో కూడా చెప్పదు. కాయిల్ వీకైనా, ప్లగ్గు పాడైనా, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ జామైనా, వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా నంబరు అదే. మేమూ చాలాకాలం ఆ నంబరు చూసి నాలుగు కాయిళ్లూ మార్చేశాం. కొన్ని బండ్లు బాగయ్యాయి, కొన్ని నెల తిరక్కుండా మళ్లీ మా షెడ్డు ముందుకే వచ్చాయి. ఆ తప్పు మాదే. అలాంటి బండి మీదైతే పాత బిల్లు పట్టుకురండి, టెస్టు చార్జీ ఉండదు.

ఇప్పుడు మూడో సిలిండర్ కోడ్ వస్తే, దాని కాయిల్ తీసి ఒకటో సిలిండర్‌కి, ఒకటోది మూడోదానికి పెడతాం. కోడ్ చెరిపి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ఎత్తు మీద పై గేరులోనే ఉంచి గట్టిగా తొక్కి చూస్తాం. సాఫు రోడ్డు మీద మెల్లగా పోతే వీక్ కాయిల్ దొరకదు. లోడ్ పడినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అప్పుడే అది చేతులెత్తేస్తుంది. తిరిగొచ్చేసరికి కోడ్ పి0301కి మారితే కాయిలే దొంగ. మూడులోనే ఉంటే ప్లగ్గులు అటూ ఇటూ మారుస్తాం, ఆ తర్వాత ఇంజెక్టర్లు. ఒకసారికి ఒక్కటే. రెండూ కలిపి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తేలదు.

ప్లగ్గు తీశాక దాని తెల్లటి పింగాణీని వెలుతురులో తిప్పి చూస్తాం. పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తే, స్పార్క్ లోపలికి పోకుండా పక్కనుంచే బాడీకి దూకుతోందన్నమాట. అదే గీత కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా ఉంటుంది. ప్లగ్గొక్కటే కొత్తది వేస్తే ఆ బూటు దాని మీద కూడా మళ్లీ దారి చేస్తుంది. కాబట్టి బూటు మారాలి, విడిగా దొరక్కపోతే కాయిలే మారాలి. అదే పింగాణీ మీద, నట్టుకు కాస్త పైన చుట్టూతా గోధుమరంగు మరక ఉంటే కంగారు పడొద్దు. వోల్టేజీకి గాలిలోని నూనె తుంపర అంటుకుని వచ్చే మరక అది. దాన్ని చూపించి "సిలిండర్‌లోంచి గ్యాస్ లీకవుతోంది" అని ప్లగ్గులు అంటగట్టేవాళ్లూ ఉన్నారు.

ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చకుండా కొత్త ప్లగ్గులు వేయం. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గు విప్పం, అల్యూమినియం హెడ్డులో మర ఊడొస్తుంది. గ్యాప్ బండి మాన్యువల్ ప్రకారమే, సాధారణంగా 0.8 నుంచి 1.1 మి.మీ. మధ్య. బిగింపు టార్క్ రెంచీతో: 14 మి.మీ. మర ప్లగ్గుకి 25–30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కి 15–20.

సీఎన్‌జీ బండ్ల సంగతి వేరు. గ్యాస్‌ని అంటించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి, పెట్రోల్ మీద బాగుండి గ్యాస్ మీద మాత్రమే మిస్సయితే ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూస్తాం. రెండిటి మీదా మిస్సయితే అనుమానం వాల్వుల మీదికి పోతుంది. గ్యాస్ పొడి ఇంధనం, వాల్వు సీట్లు అరుగుతాయి, ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గుతూ తగ్గుతూ వాల్వు పూర్తిగా మూసుకోవడం మానేస్తుంది.

అది తేలాలంటే కంప్రెషన్ టెస్టు, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలిచే టెస్టు, చేయాలి. మీ 800లో ఎక్కువ భాగం ఈ గంట పనికే. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్ పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు సెల్ఫ్ కొడతాం. చాలా పెట్రోల్ ఇంజిన్లలో 150 నుంచి 200 పీఎస్ఐ వస్తుంది. అన్నిటికంటే తక్కువ రీడింగు, ఎక్కువదానిలో 75 శాతానికి దిగకూడదు. మూడు సిలిండర్లు 180 చూపించి ఒకటి 110 దగ్గర ఆగితే, దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్, అంటే 5 మి.లీ., పోసి మళ్లీ కొడతాం. రీడింగు పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, బోరుది (సిలిండర్ లోపలి గోడ). పెరగకపోతే వాల్వులది లేదా హెడ్ గాస్కెట్‌ది (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ప్యాకింగ్). ఆ బండికి ఎన్ని కాయిళ్లు వేసినా డబ్బు దండగే.

ఈమధ్య ఏ మిస్సింగ్ వచ్చినా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌దే పాపం, అది నీళ్లు పీలుస్తుంది అంటున్నారు. ట్యాంకులో నీళ్లు చేరితే అన్ని సిలిండర్లూ తడబడతాయి, మూడోదొక్కటే కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బండ్లలో ఎలుకలు కొరికిన ఇంజెక్టర్ వైర్లే మాకు ఎక్కువ దొరుకుతున్నాయి.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా నడుపుకుని రావచ్చు. మిణుకుమిణుకుమంటే మాత్రం పక్కకు ఆపి టో చేయించండి. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే భాగం) పోయి అక్కడ మండుతుంది, లోపలి జల్లెడ కరుగుతుంది. దాని ఖరీదు ముందు కాయిళ్ల ఖరీదు ఏపాటిది?

వచ్చే ముందు బ్యాటరీ వైరు తీసి కోడ్ చెరపొద్దు. మిస్సయిన క్షణంలో బండి వేగం, ఇంజిన్ వేడి, లోడ్ కోడ్‌తో పాటే నిల్వ ఉంటాయి, అవి పోతే సగం ఆధారం పోయినట్టే. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏసీ వేస్తేనా, ఏ ఇంధనం మీద అనేది కాగితం మీద రాసి ఇవ్వండి.

పొద్దున మొదటి స్టార్ట్‌లోనే వణికి, తెల్లపొగ వదిలి, కాసేపటికి సర్దుకునే బండిని ముందురోజు సాయంత్రమే ఇవ్వాలి. హెడ్ గాస్కెట్ లీకైతే రాత్రంతా కూలెంట్ సిలిండర్‌లోకి దిగి ఉంటుంది, అది ఆ మొదటి స్టార్ట్‌లోనే కనపడుతుంది. శనివారం సాయంత్రం మాత్రం ఇలాంటివి తీసుకోం. ఆదివారం పొద్దున తాళం తిప్పి చూసే మనిషి షెడ్డులో ఉండడు.