పొద్దున రుషికొండ, మధ్యాహ్నం అరకు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విశాఖపట్నం వచ్చే పర్యాటకుల్లో చాలామంది ఒకే ప్రయాణంలో రెండు ముచ్చట్లు తీర్చుకోవాలనుకుంటారు. రుషికొండలో స్కూబా, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రంలో మునగడం, అది కాగానే అరకు. పొద్దున సముద్రంలో దిగుతారు. తడిబట్టలు సంచిలో కుక్కుకుని, భోజనం చేసి, శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కేస్తారు. ఈ రెండింటి మధ్య కొన్ని గంటలు ఆగాలని వారిలో ఎక్కువమందికి తెలియదు. ఆ గంటల గురించి, ఆ పర్యాటకుల చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపే కుర్రవాళ్ల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను.

నేను విశాఖవాసిని. చాలా ఏళ్లుగా డైవింగ్ చేస్తున్నాను, ఇతరులకు నేర్పిస్తున్నాను. మన తీరంలో ఈ క్రీడ బాగా ఎదగాలనీ, మత్స్యకారుల పిల్లలకు దీనివల్ల మంచి బతుకుతెరువు దొరకాలనీ మనసారా కోరుకుంటున్నాను. అందుకే దీన్ని ఇప్పుడున్న తీరున వదిలేయడం నాకు భయంగా ఉంది.

సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ మన మీద ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. ఒడ్డున ఉన్నది ఒకటైతే, పది మీటర్ల దగ్గర రెండు, ముప్పై మీటర్ల దగ్గర నాలుగు. సిలిండర్‌లో నింపేది మామూలు గాలే. అందులో నూటికి 78 పాళ్లు నత్రజని. లోతుకు వెళ్లేకొద్దీ, అక్కడ గడిపేకొద్దీ ఆ నత్రజని రక్తంలో, కొవ్వులో, కండరాల్లో, వెన్నుపాములో కరిగి చేరుతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరితోపాటే బయటికి పోతుంది. తొందరపడితే గోళీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లలో చేరితే నొప్పి, చర్మంలో చేరితే దద్దుర్లు, దురద. వెన్నుపాములో చేరితే కాళ్లు చచ్చుబడతాయి, మూత్రం బంధిస్తుంది. ఇదే డీకంప్రెషన్ సిక్‌నెస్. డైవర్లు బెండ్స్ అంటారు. నీళ్లలోంచి తల పైకెత్తగానే ఇది కనబడాలని లేదు. చాలామందిలో మొదటి ఆరు గంటల్లో బయటపడుతుంది, కొందరిలో ఇంకా ఆలస్యంగా.

దీనికి శాస్త్రం కొత్తదేమీ కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ తన సహచరులతో కలిసి మేకల మీద ప్రయోగాలు చేసి, దశలవారీగా పైకి వచ్చే పట్టికలను 1908లోనే ప్రచురించాడు. ఈనాటి పట్టికలూ, లోతునూ సమయాన్నీ లెక్కగట్టి చూపే, డైవర్లు చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లూ ఆ పునాది మీద నిలిచినవే. శిక్షణ సంస్థ పాడీ పట్టికలో 18 మీటర్ల లోతులో 56 నిమిషాలు, 30 మీటర్లలో 20 నిమిషాలు, 40 మీటర్లలో కేవలం 9 నిమిషాలు గరిష్ఠ పరిమితి. వినోదం కోసం చేసే డైవింగ్‌కు 40 మీటర్లే ఆఖరి హద్దు. ప్రాథమిక శిక్షణ మాత్రమే ఉన్నవారు 18 మీటర్లు దాటకూడదు. శిక్షణ లేకుండా సరదాకు దిగేవారు 12 మీటర్లు దాటకూడదు. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లకు మించకుండా చూసుకుని, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావడం మంచి పద్ధతి. అయితే ఏ లోతులో ఎన్ని నిమిషాలన్న ఆ పట్టిక లెక్క ఆ రోజు మొదటి డైవ్‌కే వర్తిస్తుంది. రెండోసారి, మూడోసారి దిగేటప్పటికి ఒంట్లో మిగిలిపోయిన నత్రజనిని కూడా కలుపుకుని లెక్క కట్టాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. రుషికొండలో తొలిసారి దిగే పర్యాటకుడు పది మీటర్ల లోపు కాసేపు చేపల్ని చూసి పైకి వస్తే, అతనికి బెండ్స్ రావడం చాలా అరుదు. అతనికి పొంచి ఉన్న ప్రమాదం వేరు. భయపడి ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొచ్చాడనుకోండి, పది మీటర్ల దగ్గర పీల్చిన గాలి ఉపరితలానికి వచ్చేసరికి రెట్టింపు పరిమాణానికి ఉబ్బుతుంది. ఊపిరితిత్తులు చిట్లి గాలి రక్తనాళాల్లోకి, అక్కడి నుంచి మెదడుకు చేరవచ్చు. ఇందుకు పది మీటర్లు కూడా అక్కర్లేదు, మీటరున్నర లోతు చాలు. అందువల్ల 'ఈత రాకపోయినా పర్వాలేదు, లోతు తక్కువే' అన్న ప్రచారం నాకు మింగుడుపడదు. ఆస్తమా ఉందా, మొన్నమొన్న జ్వరం, జలుబు వచ్చాయా, గుండె జబ్బు ఉందా అని అడగకుండా, పడవ ఎక్కే హడావుడిలో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవడం వైద్య పరీక్ష అనిపించుకోదు.

ఇక, చెయ్యి పట్టుకుని దింపేవారి సంగతి. పర్యాటకుడు ఒక్కసారి దిగుతాడు. అతణ్ణి దింపే కుర్రవాడు రోజంతా దిగుతూనే ఉంటాడు. నాలుగు మీటర్ల దగ్గర పర్యాటకుడికి చెవి పోటు వస్తుంది, పైకి తీసుకురావాలి. మాస్కులో నీళ్లు దూరతాయి, మళ్లీ పైకి. సర్దిచెప్పి మళ్లీ కిందికి. వీడియో బాగా రాలేదంటే ఇంకోసారి. ఆ పర్యాటకుడు ఒడ్డుకు చేరేసరికి ఇంకొకరు సిలిండర్ తగిలించుకుని సిద్ధంగా ఉంటారు. సాయంత్రం లంగరు ఇసుకలో ఇరుక్కుంటే విడిపించడానికీ అతనే దిగాలి. ఇలా మాటిమాటికీ పైకీ కిందికీ తిరగడం, లోతు తక్కువైనా, డీకంప్రెషన్ పట్టికలు ఊహించిన డైవింగ్ కాదు. పర్యాటకుడి విషయంలో అరుదైన జబ్బు ఇతని విషయంలో వృత్తి ప్రమాదం అవుతుంది.

నేనెరిగిన ఒక కుర్రవాడు, మత్స్యకార కుటుంబం నుంచి వచ్చినవాడు, సెలవుల రద్దీలో అలా పనిచేసిన మర్నాడు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. ఎడమ భుజంలో సలుపు, వేళ్లు మొద్దుబారాయి. సిలిండర్లు మోసి పట్టేసిందనుకున్నాడు. ఆస్పత్రికి వెళితే భుజానికి ఎక్స్‌రే తీసి, కండరం బెణికిందని నొప్పి మాత్రలు ఇచ్చి పంపారు. అది బెండ్సా, బెణుకేనా అన్నది ఎవరూ తేల్చలేదు. తేల్చడానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'నిన్న నీళ్లలోకి ఎన్నిసార్లు దిగావు?' అది అతణ్ణి ఎవరూ అడగలేదు. తానుగా చెప్పుకోవాలని అతనికీ తెలియదు. పనికి రాకపోతే ఆ రోజు కూలి ఉండదు కాబట్టి రెండు రోజులకే మళ్లీ బరువుల బెల్టు కట్టుకుని నీళ్లలో దిగాడు. అతని చేతికి డైవ్ కంప్యూటర్ లేదు. దాని ధర అతని నెల సంపాదనకు తక్కువేమీ కాదు.

ఇటువంటి కుర్రవాళ్లను పట్టించుకోకపోతే ఎక్కడికి దారితీస్తుందో హోండురాస్ దేశాన్ని చూడండి. అక్కడి మిస్కిటో ఆదివాసులు ఎగుమతి కంపెనీల పడవలెక్కి, సరైన శిక్షణ, పరికరాలు లేకుండా లాబ్‌స్టర్ల కోసం లోతుల్లో పదేపదే మునిగారు. ఎందరో కాళ్లు చచ్చుబడి మంచాన పడ్డారు, కొందరు చనిపోయారు. 42 మంది డైవర్ల తరఫున సాగిన కేసులో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2021లో తీర్పునిచ్చింది. పనిలో పెట్టుకున్నవి ప్రైవేటు కంపెనీలే అయినా, వాటిని తనిఖీ చేసి అదుపులో పెట్టని ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. మన దగ్గర వ్యాపారం అంత పెద్దది కాదు, లోతులూ అంత లేవు. అయినా 'ప్రైవేటు నిర్వాహకులు చూసుకుంటారు' అన్న మాట ప్రభుత్వాన్ని కాపాడదని ఆ తీర్పు చెబుతోంది.

అరకు విషయానికి వస్తాను. డైవింగ్ తర్వాత విమానం ఎక్కవద్దని కొందరికైనా తెలుసు. పైకి వెళ్లేకొద్దీ చుట్టూ పీడనం తగ్గి, ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. ఒక్కసారే దిగినవారు 12 గంటలు, ఒకటికి మించి దిగినవారు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచిస్తుంది. కానీ ఈ సూచన రెండు వేల అడుగుల నుంచి, అంటే సుమారు 610 మీటర్ల ఎత్తు నుంచి వర్తిస్తుందన్నది మన దగ్గర ఎవరికీ పట్టలేదు. బొర్రా గుహలే దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అరకు 900 దాటుతుంది. దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. రుషికొండ ఒడ్డు నుంచి కారులో కొన్ని గంటల ప్రయాణం. ఇంత దగ్గరలో సముద్రమూ ఇంత ఎత్తు కొండలూ ఉండడం మన అదృష్టమే, కానీ డైవర్లకు ఇదే చిక్కు. పర్యాటకుడు ఒకవేళ తప్పించుకున్నా, రోజంతా నీళ్లలో ఉండి సాయంత్రం స్నేహితులతో బైకు మీద లంబసింగి చలి చూడ్డానికి బయలుదేరే ఆ కుర్రవాళ్లను తలుచుకుంటే నాకు గుబులుగా ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి మోకాలు పట్టేస్తే చలి వల్లనే అనుకుంటారు.

అందుకని మొదటి కోరిక ఖర్చు లేనిది. ముందు అరకు చూసి, కిందికి దిగాక స్కూబా చేయమని చెప్పండి. పర్యాటక శాఖ టికెట్ల మీద, హరిత హోటళ్ల గోడల మీద, ప్యాకేజీలు రాసే కాగితాల మీద ఆ క్రమం తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో అచ్చు వేయించండి. స్కూబా ముగిశాక ఇచ్చే రసీదు మీద, ఎన్ని గంటలకు పైకి వచ్చారో, ఏ సమయం వరకు కొండెక్కకూడదో, విమానం ఎక్కకూడదో పెన్నుతో రాసి ఇవ్వాలి. రాత్రి విమానానికి హైదరాబాద్ తిరిగి వెళ్లేవారికి ఆ కాగితమే హెచ్చరిక.

రెండో సంగతి చికిత్స. బెండ్స్‌కు మందు మాత్ర లేదు. వెంటనే నూటికి నూరు పాళ్లు ఆక్సిజన్ పట్టి, వీలైనంత త్వరగా రీకంప్రెషన్ చాంబర్‌కు, అంటే ఒంటి మీద పీడనాన్ని మళ్లీ పెంచే మూసిన గదికి, చేర్చాలి. అమెరికా నౌకాదళం రూపొందించిన, ప్రపంచమంతా అనుసరించే చికిత్స పట్టికలో రోగిని 18 మీటర్ల లోతుకు సమానమైన 2.8 వాతావరణ పీడనంలో ఉంచి, ఆక్సిజన్ ఇస్తూ, దాదాపు ఐదు గంటల సేపు మెల్లగా బయటికి తీసుకువస్తారు. పుండ్లు మాన్పడానికీ, అందానికీ వాడే మెత్తటి సంచిలాంటి చాంబర్లలో సాధారణంగా 1.3 వాతావరణాలకు మించి పీడనం ఉండదు. అవి దీనికి పనికిరావు. మళ్లీ సముద్రంలోనే ముంచితే తగ్గుతుందన్న నాటు వైద్యమైతే ప్రాణం తీయగలదు.

మన ఊరి విషయమేమంటే, లోతు డైవింగ్‌లో దేశంలోనే గొప్ప అనుభవం ఉన్నవారు ఇక్కడే ఉన్నారు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడ, నౌకాదళ ఆస్పత్రి కళ్యాణి ఇక్కడ. జలాంతర్గాముల రక్షణకు, లోతు డైవింగ్‌కు ఉద్దేశించిన ఐఎన్ఎస్ నిస్తార్‌ను కట్టింది మన హిందుస్థాన్ షిప్‌యార్డు, 2025 జూలై 18న అది నౌకాదళంలో చేరిందీ ఈ విశాఖలోనే. రుషికొండలో ఒక కుర్రవాడు పడిపోతే ఏ నంబరుకు ఫోను చేయాలి, ఎవరు అనుమతి ఇవ్వాలి, ఏ ద్వారం తెరుస్తారు అన్నవి ముందే రాసి ఉంచిన ఒప్పందం మీ శాఖకూ నౌకాదళానికీ మధ్య ఉండాలి, అది ప్రజలందరికీ తెలిసి ఉండాలి. ప్రమాదం జరిగిన రాత్రి ఎవరో తెలిసిన అధికారి కోసం ఫోన్లు తిప్పుకునే పరిస్థితి రాకూడదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) అత్యవసర విభాగం వైద్యులకు, 108 సిబ్బందికి, అరకు, పాడేరు ఆస్పత్రులకు 'ఈ రెండు రోజుల్లో స్కూబా చేశారా?' అనే ప్రశ్న నేర్పడానికి ఒక పూట శిక్షణ చాలు.

మూడోది తనిఖీ. కేంద్ర పర్యాటక శాఖ 2018లో సాహస పర్యాటక మార్గదర్శకాలు వెలువరించింది, అందులో స్కూబా కూడా ఉంది. కానీ అవి మార్గదర్శకాలే, చట్టం కాదు. రాష్ట్రం వాటిని లైసెన్సు షరతులుగా మార్చాలి. ప్రతి పడవలో ఆక్సిజన్ సిలిండర్, దాన్ని వాడడం తెలిసిన మనిషి ఉండాలి. గైడ్‌కు నిర్వాహకుడే డైవ్ కంప్యూటర్ కొనివ్వాలి, రోజుకు ఎన్నిసార్లు దించవచ్చో పరిమితి ఉండాలి, ఆ లెక్క పుస్తకంలో నమోదు కావాలి. నొప్పి అని చెప్పిన రోజున అతని కూలి కోయకూడదు. ఈ చివరి షరతు లేకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉంటాయి, ఎందుకంటే కూలి పోతుందనుకున్నవాడు నొప్పి చెప్పడు.

2020లో రుషికొండకు శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తేవడానికి 33 ప్రమాణాలు పాటించి చూపించాం. ఇసుక శుభ్రతకు, మరుగుదొడ్లకు, నీటి నాణ్యతకు ఉన్న తనిఖీ నీళ్ల కింద ఉన్న మనిషికి ఎందుకు ఉండకూడదు?

కార్తీకం రాగానే అరకు రద్దీ మొదలవుతుంది, రుషికొండ దగ్గర కూడా వరుసలు పెరుగుతాయి. ఆ లోపే మీ అధికారులు, నౌకాదళ వైద్యులు, స్కూబా నిర్వాహకులు ఒకచోట కూర్చునేలా సమావేశం ఏర్పాటు చేయమని కోరుతున్నాను. ఆ సమావేశానికి నిర్వాహకులతోపాటు రోజూ నీళ్లలో దిగే కుర్రవాళ్లలో కొందరినైనా పిలిపించండి, ఆ రోజు కూలి వారికి ఇప్పించండి. రోజుకు ఎన్నిసార్లు దిగుతున్నారో వారి నోటితోనే వినండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి
ఒక డైవింగ్ శిక్షకుడు