మా పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగింది, మీ అందరికీ కృతజ్ఞతలు

మా పాత సెయిల్‌బోట్ మళ్ళీ తెరచాప ఎత్తింది. ఇది మా ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, ఎవరి గురించో చదివితే మీకే తెలుస్తుంది.

మాది 1970ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవ, అమెరికాలోని మేరీలాండ్‌లో చెసపీక్ బే అనే అఖాతం ఒడ్డున ఉంటుంది. పైకి అంతా ఫైబరే గానీ లోపల బరువు మోసేది చెక్క. తెరచాప స్తంభం డెక్ మీద, అంటే పడవ పైతట్టు మీద నిలబడుతుంది. దాని బరువూ, దాన్ని లాగిపట్టే ఉక్కు తీగల ఒత్తిడీ కేబిన్‌లోని పోస్టు మీదుగా అడుగున ఉన్న చెక్క దిమ్మ మీద పడతాయి. ఆ దిమ్మ చివికిపోయింది. డెక్ కుంగింది, తీగలు ఎంత బిగించినా వదులయ్యేవి, బాత్రూం తలుపు పట్టేసేది.

మొదటి దండం, పడవలు ఒడ్డుకెక్కించి బాగుచేసే యార్డులో మా పక్క పడవ పెద్దాయనకి. బోట్లు కట్టి రిటైరైన మనిషి. సుత్తితో మెల్లగా తడుతూ పడవ అడుగంతా విన్నారు. గట్టి చోట ఠంగుమంది, చివికిన చోట మొద్దుగా మోగింది. చాక్‌పీసుతో హద్దు గీసి అక్కడిదాకా కోయమన్నారు. కోస్తే లోపలి చెక్క నానిన కొబ్బరి పీచులా చేతికి ఊడొచ్చింది. కొత్తది పెట్టేయాలని మేం తొందరపడుతుంటే ఆయన ఒప్పుకోలేదు, ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చమన్నారు. స్తంభం అడుగున కరెంటు వైర్లు దిగే కంత గుండా వాన నీరు కారుతోంది. ఉప్పునీటికంటే వాన నీరే చెక్కను ఎక్కువగా కుళ్ళబెడుతుందట. ఆయన ఆపకపోతే కొత్త దిమ్మకీ అదే గతి పట్టేది.

బాల్టిమోర్ తమ్ముడూ, నువ్వు సెలవు పెట్టి మరీ వచ్చావు. మాస్కు పెట్టుకుని ఆ ఇరుకు గుంతలో పడుకుని గ్రైండర్ పట్టావు. ఫైబర్ ధూళికి ఒళ్ళంతా దురద పెడుతున్నా అంచులు ఏటవాలుగా వచ్చేదాకా లేవలేదు. పాత ఫైబర్‌కి కొత్త పొర అతుక్కునేది ఆ ఏటవాలు మీదే. చెల్లెమ్మా, నువ్వు పంపిన పులిహోర లేకపోతే ఆ రోజు మాకు ఓపిక ఉండేది కాదు.

జాకీలు అరువిచ్చిన అన్నయ్యకి కూడా దండం. డెక్‌ను కొంచెం కొంచెంగా, చప్పుడు వింటూ, ఆగి ఆగి ఎత్తాం. దిమ్మ స్థానంలో ఈసారి చెక్క లేదు, గట్టి ఫైబర్ పలకలు ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో అంటించినవి. పక్క దూలాలకి మాత్రం ప్లైవుడ్డే వాడాం, కోసిన అంచులకి కూడా ఎపాక్సీ పట్టించి. నీరు నిలవకుండా కింద కంతలు వదిలాం.

మొన్న గట్టి గాలిలో తిప్పాం. తీగలు సడలలేదు, తలుపు వేలితో నెడితే మూసుకుంటోంది. పెద్దాయన కూడా మాతోనే ఉన్నారు, చుక్కాని ఆయన చేతికే ఇచ్చాం.

మిగిలిన ఫైబర్ గుడ్డ, ఎపాక్సీ మా దగ్గరే ఉన్నాయి. ఎవరి పడవకి పని పడినా చెప్పండి, సామానుతో పాటు మేమిద్దరం కూడా వస్తాం.