పసిపిల్లల చదువులో అన్ని ఇళ్ల భాగస్వామ్యం: సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ గజపతి జిల్లాలోని చుట్టుపక్కల గ్రామాల్లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం పనిచేస్తున్న మన సంఘం, ఈ ఏడాది తన శ్రమలో ఎక్కువ భాగాన్ని అంగన్‌వాడీ కేంద్రాలకు పిల్లల ఇంటివాళ్లను దగ్గర చేసే పనికే వెచ్చించింది. మన వీధుల్లో తెలుగు ఇంటికీ ఒడియా ఇంటికీ మధ్య ఒకే గోడ ఉంటుంది. కొండ గ్రామాల నుంచి వచ్చి ఇక్కడ కాపురముంటున్న సవర గిరిజన కుటుంబాలు కూడా అదే కేంద్రానికి పిల్లలను పంపుతాయి. అందువల్ల ఈ కార్యక్రమాన్ని తెలుగు పిల్లలకే పరిమితం చేయరాదని కార్యవర్గం మొదట్లోనే తీర్మానించింది.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైన నాటి నుంచీ పూర్వ ప్రాథమిక విద్య అందులో భాగమే. అయినా చాలా ఇళ్లలో అంగన్‌వాడీ అంటే గుడ్డు, ఛతువా అనే పోషకాహార పిండి, టీకాలు అన్నంతవరకే తెలుసు. ఆరేళ్ల లోపు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలని 2002 నాటి 86వ సవరణ తరువాత రాజ్యాంగంలోని 45వ అధికరణం చెబుతోందని వీధి సమావేశాల్లో వివరించినప్పుడు, అక్కడ చదువు కూడా చెప్పాలా అని ఆశ్చర్యంతో అడిగిన తల్లులు ఉన్నారు.

పేద తల్లిదండ్రులకు పిల్లల చదువుపై శ్రద్ధ ఉండదన్న మాట మనం తరచూ వింటుంటాం. ఈ ఏడాది మేము చూసింది అందుకు పూర్తిగా భిన్నం. పగటిపూట పెట్టే సమావేశానికి కూలికి వెళ్లిన తల్లి గానీ, కూరగాయల గంపతో పాతపట్నం సంతకు వెళ్లిన తల్లి గానీ ఎలా రాగలదు? పనుల కోసం దూరప్రాంతాలకు వలస వెళ్లిన తండ్రి సంగతి చెప్పనక్కరలేదు. సమావేశాలను దీపాలు పెట్టే వేళకు, రచ్చబండ దగ్గరకు మార్చి, మూడు భాషల్లోనూ మాట్లాడగలిగినవారిని కూర్చోబెట్టాక ఇంటివాళ్లు తమంతట తామే వచ్చారు. చాలా ఇళ్లలో పిల్లలను నిజంగా పెంచుతున్నది అమ్మమ్మలు, నాయనమ్మలే కాబట్టి వాళ్లను పేరుపేరునా పిలిచాం.

ఒక కేంద్రంలో జరిగినది సభ్యులకు ప్రత్యేకంగా చెప్పాలి. దీదీ (అంగన్‌వాడీ కార్యకర్త) కోరగా వచ్చిన ఒక సవర అవ్వ, కొంగున కట్టుకొచ్చిన చింతపిక్కలను నేల మీద పోసి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క పిక్కనూ పక్కకు జరుపుతూ తన భాషలో లెక్కపెట్టింది. మనవరాలు వెంట అంది. మన పిల్లలు అదే లెక్కను తెలుగులో, ఒడియాలో అందుకున్నారు. అంతవరకు గుమ్మం దగ్గరే నిలబడిపోయే ఆ మనవరాలు ఆ రోజు మధ్యలో కూర్చుంది. వామనగుంటలు, అచ్చనగాయలు వంటి ఆటలు తెలిసిన పెద్దలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ల నైపుణ్యం ఈ వయసు పిల్లల లెక్కలకు ఏ కొన్న బొమ్మకూ తీసిపోదని మా దృఢమైన అభిప్రాయం.

పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో నేర్పడం ఈ ఊరికి కొత్త మార్గం కాదు. ఇక్కడే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి.

బడి ఒడియాలో ఉంటుంది కదా, ఇంట్లో తెలుగు మానేయమంటారా అని కొందరు తల్లులు అడిగారు. మానవద్దని గట్టిగా చెప్పాం. ఇంటి భాషలో కథ విని, ప్రశ్న వేసి, జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి రెండో భాష తేలికగా పట్టుబడుతుంది. వీలైనంతవరకు ఐదో తరగతి దాకా మాతృభాషలో బోధన సాగాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం. వచ్చే ఏడాది ప్రతి కేంద్రంలో వారానికి ఒక పూట ఒక ఇంటి పెద్ద వచ్చి కథ గానీ, ఆట గానీ, చేతిపని గానీ చూపించేలా దీదీలతో మాట్లాడాం. పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే పని తెలిసిన కుటుంబాలు ఇందుకు ముందుకు వస్తే మరింత సంతోషం. పాల్గొనదలచినవారు తమకు వీలైన వారాన్నీ వేళనూ సర్వసభ్య సమావేశం ముగిసేలోగా కార్యదర్శి వద్ద నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాం.