సత్యోపదేశ తరగతుల జమా ఖర్చుల వివరణ: 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు

కడప పట్టణంలోని మన విచారణలో (ఒక కతోలిక దేవాలయం పరిధిలోని విశ్వాసుల సమాజంలో) ప్రతి ఆదివారం ఉదయపు దివ్యబలిపూజ తర్వాత జరిగే సత్యోపదేశ తరగతుల (పిల్లలకు క్రైస్తవ విశ్వాస పాఠాలు నేర్పే తరగతుల) కోసం 2025లో వసూలైన సొమ్మును, దాన్ని ఖర్చుపెట్టిన తీరును విశ్వాసులందరి ముందు ఉంచడానికి కమిటీ ఈ వివరణ రాస్తోంది. విశ్వాసులు కానుకగా ఇచ్చిన ధనానికి విశ్వాసులకే లెక్క అప్పజెప్పాలని 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) న్యాయస్మృతిలోని 1287వ నిబంధన చెబుతుంది. ఆ నిబంధన లేకపోయినా, పిల్లల పేరు చెప్పి అడిగి తీసుకున్న డబ్బు గనుక లెక్క చెప్పవలసిందే.

జమ సంగతి ముందుగా చెబుతాం. గత సంవత్సరం నుంచి మిగిలి వచ్చినది రూ. 11,340. నెలకొకసారి, మొదటి ఆదివారం పట్టిన ప్రత్యేక కానుక ఏడాది మొత్తం మీద రూ. 38,720 అయింది. పేర్లు నమోదైన 126 మంది పిల్లల్లో 95 మంది నుంచి తలకు వంద చొప్పున రూ. 9,500 వచ్చింది, తక్కిన 31 మందికి రుసుము మినహాయించాం, వారెవరన్నది విచారణ గురువులకు, కమిటీకి తప్ప మరెవరికీ తెలియనవసరం లేదు. విడి దాతలు ఇచ్చినది రూ. 22,000. ఇవి కాక, కువైట్‌లో పనిచేస్తున్న మన విచారణ కుటుంబం ఒకటి ప్రథమ దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పాన్ని మొదటిసారి, స్వీకరించే పిల్లల బట్టలకు, కొవ్వొత్తులకు, జపమాలలకు అని రాసి మరీ పంపినది రూ. 25,000. వెరసి జమ రూ. 1,06,560.

బోధకులెవరూ జీతం తీసుకోవడం లేదు కదా, మరి లక్ష రూపాయలు ఎక్కడికి పోయాయని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే గనుక దానికి వివరంగా జవాబు చెబుతున్నాం. పల్లెల్లో ప్రార్థన నడిపించి, పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశిగారికి శ్రీసభ భృతి ఇస్తుంది. పూర్తికాలం ఆ సేవకే అంకితమైన గృహస్థులకు తగిన వేతనం పొందే హక్కు ఉందని న్యాయస్మృతిలోని 231వ నిబంధన స్పష్టంగానే చెబుతుంది. మన ఆదివారపు బోధకుల స్థితి అది కాదు. వారిలో బడి పంతుళ్లు, నర్సు, గృహిణులు, డిగ్రీ చదువుతున్న యువకులు ఉన్నారు. వారంలో ఒక పూట, ఇంటి పనిని పక్కన పెట్టి వచ్చేవారు. క్రిస్మస్ ముందు తలా వెయ్యి రూపాయల గౌరవ వేతనం ఇద్దామన్న ప్రతిపాదన కమిటీలో వచ్చినప్పుడు, అది తమకు వద్దని బోధకులే చెప్పారు. ఆ పద్దు కింద ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

అయితే జీతం వద్దన్నవారి చేత బస్సు ఛార్జీ కూడా పెట్టించడం న్యాయం కాదని కమిటీ అభిప్రాయం. మన బోధకులు మొత్తం పదకొండు మంది. తరగతులు ఐదే అయినా ఇంతమంది ఎందుకంటే, ఏ గదిలోనూ పిల్లలతో ఒకే ఒక్క పెద్దమనిషి ఉండకూడదని, కనీసం ఇద్దరుండాలని మనం పెట్టుకున్న నియమం వల్ల. పట్టణంలోనే అంతమంది దొరక్క నలుగురు పక్క మండలాల నుంచి వస్తున్నారు. రానుపోను మనిషికి అరవై రూపాయలు. వారిలో ముగ్గురు మహిళలకు ఆగస్టు 15న రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఛార్జీ ఇవ్వవలసిన అవసరం తీరింది. అంతకు ముందు జరిగిన 22 ఆదివారాలకు వారికి రూ. 3,960 చెల్లించాం. మిగిలిన ఒక్క సోదరునికి ఏడాదిలో తరగతులు జరిగిన 38 ఆదివారాలకూ రూ. 2,280 అయింది. రెండూ కలిపి రూ. 6,240.

ఖర్చులన్నిటిలో పెద్దది ఆటోలది. విచారణ పరిధిలోని రెండు పల్లెల పిల్లలు ఆదివారం పొద్దున దేవాలయానికి చేరాలంటే బస్సు వేళలు కుదరవు. ఒక్కో పల్లెకు ఒక్కో ఆటో మాట్లాడుకుని, రానుపోను మూడు వందల చొప్పున 38 ఆదివారాలకు రూ. 22,800 ఇచ్చాం. ఈ ఖర్చు ఆపి, పల్లెల్లోనే ఎవరైనా చెబితే సరిపోతుంది కదా అన్న సూచనను కమిటీ రెండు సమావేశాల్లో చర్చించింది. ప్రతి ఆదివారం, పండుగ రోజున పిల్లలకు ఒక గంటసేపు సత్యోపదేశం చెప్పాలని పదవ భక్తినాథ పాపుగారు (పోపు పదవ పయస్) 1905లోనే విచారణ గురువులను ఆదేశించారు. ఆ గంట పట్టణం పిల్లలకు ఒక రకంగా, పల్లె పిల్లలకు మరో రకంగా ఉండకూడదని అనుకున్నాం. పల్లెల్లో తరగతి నడపగలిగిన ఇద్దరు బోధకులు దొరికిన రోజున ఆటోలు ఆపడానికి మాకేమీ అభ్యంతరం లేదు.

పుస్తకాల పద్దు రూ. 15,970. అందులో సత్యోపదేశ పాఠ్యపుస్తకాలు 110 ప్రతులకు రూ. 6,600, పై తరగతికి 15 పవిత్ర గ్రంథాలకు రూ. 4,500, నోటు పుస్తకాలకు, చార్టులకు, రంగు పెన్సిళ్లకు రూ. 4,870. వర్షానికి తడిసి పాడైన పాత జంబుకానాల స్థానంలో ఆరు కొత్తవి రూ. 5,100కు కొన్నాం. తాగునీటి డబ్బాలకు రూ. 1,520, బోధకుల ఒకరోజు శిక్షణకు ప్రయాణంతో సహా రూ. 2,200 అయ్యాయి. పదిహేనేళ్లకే కన్నుమూసిన ఇటలీ బాలుడు కార్లో అకూటిస్‌ను సెప్టెంబరు 7న పదునాల్గవ లియో పాపుగారు పునీతునిగా ప్రకటించిన సందర్భంలో పిల్లలకు పెట్టిన చిత్రలేఖనం, క్విజ్ పోటీల బహుమతులకు రూ. 2,350 ఇచ్చాం. అకూటిస్ తన విచారణలో చిన్నపిల్లలకు సత్యోపదేశం చెప్పడంలో సాయపడినవాడు గనుక ఈ ఖర్చు దారి తప్పినది కాదు.

పిల్లల ఫలహారానికి రూ. 17,480 అయింది. పూజకు పరగడుపున వచ్చే పిల్లలు పాఠం మధ్యలో నీరసపడుతున్నారని మొదట బిస్కెట్ పొట్లాలు, అరటిపండ్లు ఇచ్చాం. ఆదివారానికి అయిదు వందలు దాటేది. ఆగస్టు మధ్య నుంచి తల్లులు వంతులవారీగా ఉగ్గాని చేసిపెడుతున్నారు. బొరుగులు, ఉల్లిగడ్డలు, నూనె, పప్పుల పొడి అన్నీ కొన్నా నాలుగు వందలు దాటడం లేదు. పైగా పిల్లలు ఆలస్యంగా రావడం తగ్గింది.

ప్రథమ దివ్యసత్ప్రసాదం స్వీకరించిన 24 మందికీ ఒకే రకం తెల్లని నూలు బట్టలు కుట్టించాం. కలిగినవారు సాటిను గౌన్లు, సూట్లు కొనుక్కుంటారు, లేనివారికి మాత్రం కమిటీ ఇస్తే చాలు కదా అన్న మాట వచ్చింది. బలిపీఠం ముందు నిలబడిన వరుసలో కమిటీ బట్టలు ఎవరివో తెలిసిపోయే ఏర్పాటుకు మేము ఒప్పుకోలేదు. పదముగ్గురు ఆడపిల్లలకు రూ. 9,100, పదకొండు మంది మగపిల్లలకు రూ. 7,150, కొవ్వొత్తులకు, జపమాలలకు రూ. 1,800, మొత్తం రూ. 18,050 ఆ ప్రత్యేక విరాళం నుంచే చెల్లించాం. పండుగకు ముందు మూడు రోజుల సిద్ధపాటులో పెట్టిన భోజనాల ఖర్చు రూ. 4,200 మాత్రం, దాత రాసిన మాటల్లో భోజనం లేదు గనుక, సాధారణ నిధి నుంచి ఇచ్చాం.

ఈ విరాళంలో రూ. 6,950 మిగిలింది. నవంబరులో ఆటోలకు డబ్బు ఇబ్బంది అయినప్పుడు దాన్ని వాడుకుందామన్నారు. చేతిలో ఉన్న సొమ్మే కదా అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఒక నిర్దిష్ట ఉద్దేశంతో విశ్వాసులు ఇచ్చిన కానుకను ఆ ఉద్దేశానికే వినియోగించాలని 1267వ నిబంధన కట్టడి చేస్తుంది. అందువల్ల ఆ మొత్తాన్ని వచ్చే ఏడాది పిల్లల బట్టలకు విడిగా ఉంచాం. ఆటోవారికి బాకీ పదిహేను రోజులు ఆలస్యంగా, డిసెంబరు కానుక వచ్చాక తీర్చాం; వారు ఓపిక పట్టినందుకు కృతజ్ఞతలు.

మొత్తం ఖర్చు రూ. 95,910. నిల్వ రూ. 10,650, అందులో పైన చెప్పిన రూ. 6,950 పోగా సాధారణ నిధిలో ఉన్నది రూ. 3,700 మాత్రమే. అంటే ఏడాది ఆరంభంలో ఉన్న నిధిలో రూ. 7,640 కరిగిపోయింది. ఆటోవారు 2026 జనవరి నుంచి మూడు వందల యాభై అడుగుతున్నారు. అన్ని ఆదివారాలే జరిగితే ఆ ఒక్క పద్దు రూ. 26,600 అవుతుంది. పిల్లల రుసుము పెంచితే మినహాయింపు అడగడానికి మొహమాటపడే కుటుంబాలు పిల్లలను పంపడమే మానేస్తాయన్న భయంతో దాన్ని వందగానే ఉంచాం. బదులుగా, ఫలహారం సరుకుల బాధ్యతను నెలకొక చిన్న క్రైస్తవ సంఘం (ఇరుగుపొరుగు విశ్వాసుల కుటుంబాల బృందం) తీసుకోవాలని కోరుతున్నాం.

లెక్కలను విచారణ ఆర్థిక మండలి సభ్యులు ఇద్దరు బిల్లులతో సరిచూసి సంతకాలు చేశారు. బిల్లులు, బ్యాంకు పుస్తకం విచారణ కార్యాలయంలో ఉన్నాయి; జనవరి నెలాఖరు వరకు ఏ ఆదివారమైనా పూజ తర్వాత చూడవచ్చు, అభ్యంతరాలుంటే కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. ఇకమీదట ఫలానా పనికే అని కానుక ఇచ్చేవారు ఆ పని పేరును రసీదు మీద రాయించుకుని తీసుకోవాలని మనవి.

సత్యోపదేశ కమిటీ